పదో పాట

ఏడో నెల మొదటి రోజున, పోయినవాళ్ళు నెలపాటు ఇళ్ళకు రావాలని కొండ మీది గుడిలో కింది లోకం తలుపు తెరిచే పూటే, మా ఆడపడుచు షూ-తావ్ ఒక గిటారు, రెండు సంచులతో వానలో తడుస్తూ వచ్చి మా కొట్టు ముందు నిలబడింది.

అత్తయ్య మరుగుతున్న నీళ్ళలోకి చేప ఉండలు జారవిడుస్తోంది. తల ఎత్తి చూసి, చెయ్యి ఆపకుండానే, "ఏడాదిలో ఇన్ని రోజులుండగా ఇంటికి రావడానికి ఇవాళే దొరికిందా నీకు?" అంది.

"బస్సు ఇవాళే దొరికిందమ్మా."

"బస్సు రోజూ ఉంటుంది. దారిలో వెనకనుంచి ఎవరైనా పిలిస్తే తిరిగి చూశావా?"

"ఈమధ్య నన్నెవరూ పిలవడం లేదమ్మా. అదేగా నా బాధ."

అత్తయ్య నవ్వు ఆపుకుంది. నేను తువ్వాలు తెచ్చి ఇచ్చాను.

షూ-తావ్ అన్నది వట్టి హాస్యం కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఇదే కీలుంగ్ రేవులో హోటళ్ళ బల్లల మధ్య నిలబడి, అడిగినవాళ్ళకు అడిగిన పాట పాడేది. తర్వాత సొంతంగా కట్టడం మొదలుపెట్టింది, ఇంట్లో మేం మాట్లాడుకునే హొక్కియెన్ భాషలోనే. వాటిలో చంద్రుడూ విరహమూ ఉండేవి కావు. మూత సరిగ్గా పడని సీసా, నాన్న వదిలేసి వెళ్ళిన ఒంటి చెప్పు, అలాంటి వాటితో మొదలయ్యేవి. పల్లవి రెండోసారి వచ్చేది కాదు. "అన్న మాటే మళ్ళీ అంటే ఇంట్లోవాళ్ళే వినరు, ఊళ్ళోవాళ్ళెందుకు వింటారు?" అనేది. మిగతావాళ్ళు డ్రమ్ములు మోగించే చోట ఈమె పాట ఆపి ఊరుకునేది. ఆ ఊరుకోవడంలో వినేవాడికి తన ఇల్లు గుర్తొచ్చేది. మొదటి క్యాసెట్టు ఉత్తరం నుంచి దక్షిణం దాకా ప్రతి ట్యాక్సీలోనూ మోగింది. పక్క గదిలోంచి ఎవరో తమలో తాము పాడుకుంటున్నట్టు ఉంటుందని పత్రికలు రాశాయి. "పక్క గదీ లేదు, పాడూ లేదు. దానిది చిన్న గొంతు, అంతే," అని అత్తయ్య తీసిపారేసేది గానీ, ఆ క్యాసెట్టు అరిగిపోతే ఇంకోటి కొనుక్కొచ్చింది.

తర్వాత తైపేలో ఒక పెద్ద కంపెనీ ఆమెను మాండరిన్‌లోకి మార్చింది. వెనక బారులు తీరిన వయొలిన్లు. సిటీ బస్సుల మీద ఆమె ముఖం. రెండు క్యాసెట్లు బాగా అమ్ముడుపోయాయి, మూడోది పోలేదు. ఆ మూడోదానిలో ఆమె గొంతు ఎక్కడుందో నేను వెతుక్కోవలసి వచ్చింది. కొత్తవి కట్టమంటే ఆమెకు ఒక్క మాటా రాలేదు. ఆ రాకపోవడం అ-బున్ పోయినప్పటి నుంచి.

అ-బున్ ఆమె అన్న. నా భర్త. రెండేళ్ళ కిందట వేసవిలో, దీపాలు వేసి స్క్విడ్‌లు పట్టే పడవలో పెంగ్‌జియా దీవి దీపస్తంభం వైపు వెళ్ళాడు. తెల్లారి పడవ వచ్చింది, అతను రాలేదు. పడడం చూసినవాళ్ళు లేరు. కేక విన్నవాళ్ళు లేరు. శవం దొరకలేదు.

"వదినా, అన్న గది ఇస్తావా? వెనక గదిలో గాలి ఆడదు," అంది షూ-తావ్ ఆ సాయంత్రం. ఆ గదిలో నేను పడుకోవడం మానేసి చాలాకాలమైంది. అత్తయ్య పక్కనే పడుకుంటున్నాను. దుప్పటి మార్చి ఇచ్చాను.

"పది పాటలు కావాలి," అంది, మంచం మీద గిటారు పెడుతూ. "చలికాలం లోపల ఇస్తే తోంగ్ గారు క్యాసెట్టు వేస్తానన్నాడు. పాత పద్ధతిలో, ఒక్క గిటారుతో. నా దగ్గర ఒక్కటీ లేదు."

"ఇక్కడ వస్తాయా?"

"ఏమో. ఇక్కడ వాన చప్పుడైనా ఉంటుంది."

రెండు మూడు రోజులు పైనుంచి ఆ వాన చప్పుడే వినిపించింది. ఒక మధ్యాహ్నం అత్తయ్య మార్కెట్టుకు వెళ్ళింది. నేను వెనక అరుగు మీద కూర్చుని చెంచాతో చేప కండ గీకుతున్నాను. పైన గిటారు మొదలైంది. నాలుగు అడుగులు వేసి ఆగి, మళ్ళీ నాలుగు అడుగులు వేసే మనిషి నడకలా ఉంది. కాసేపటికి గొంతు కలిసింది.

"నిమ్మచెక్క రుద్దుకోకు పిల్లా,
ఆ వాసన కూడా పోతే
చీకట్లో ఏ చెయ్యి పట్టుకుని
ఇంటికి రావాలి నేను?"

నా చేతిలో చెంచా ఆగిపోయింది.

పెళ్ళయిన కొత్తలో, చేప వాసన పోవాలని పడుకునే ముందు చేతులకు నిమ్మచెక్క రుద్దుకునేదాన్ని. ఒకసారి అ-బున్ నా మణికట్టు పట్టుకుని ఆపాడు. "వద్దులే. కళ్ళు మూసుకున్నా ఇది నీ చెయ్యేనని తెలియాలి నాకు," అన్నాడు. పగలంతా నాతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి. ఆ మాట తలుపు వేసిన గదిలో అన్నాడు.

చేతులు కడుక్కోకుండానే మేడెక్కాను. షూ-తావ్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"ఆ మాట ఎక్కడిది?"

"ఏ మాట?"

"నిమ్మచెక్క."

"ఏమో వదినా. రాగంతో పాటే వచ్చింది. బాగాలేదా?"

"మీ అన్న ఎప్పుడైనా చెప్పాడా?"

"మా అన్నా?" నవ్వింది. "మా అన్న పుట్టినప్పటి నుంచి నాతో మాట్లాడినవన్నీ కలిపినా ఒక పాటకు చాలవు."

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. భయపడి ఉండాల్సింది. కానీ నా నోటివెంట వచ్చింది వేరే మాట.

"బాగుంది. ఆపకు. పాడు."

కిందికి వచ్చి మళ్ళీ చేప ముందు కూర్చున్నాను. చప్పుడు కాకుండా, మెల్లగా గీకాను, పైన ఒక్క మాట కూడా తప్పిపోకూడదని.

అక్కడి నుంచి పాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అతని రెయిన్‌కోటు చిరిగితే నేను గాలపు తీగతో కుట్టిన సంగతి ఒకదానిలో. జ్వరం వచ్చినప్పుడు నేను నిద్రపోయాననుకుని నా కాళ్ళు పట్టిన సంగతి ఒకదానిలో. అది నాకే ఖాయంగా తెలియదు; కలేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకు రోజూ మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఉండేది. ముఖం కడుక్కుని, జుట్టు సరిచేసుకుని, వెనక అరుగు మీద కూర్చునేదాన్ని. అత్తయ్య అది గమనించిందో లేదో తెలియదు.

నేను గమనించిన సంగతి ఇంకోటి ఉంది. షూ-తావ్ గొంతు పాడవుతుందని చల్లనీళ్ళు కూడా తాగని మనిషి. ఇప్పుడు నూడుల్స్‌లోకి పచ్చి వెల్లుల్లి కొరుక్కుని తింటోంది. మెట్ల పక్క కుర్చీలో ఒక మోకాలు పైకి పెట్టుకుని కూర్చుంటోంది. ఒకరోజు భోజనాల దగ్గర ఆవిరి మీద ఉడికించిన చేప పెట్టాను. షూ-తావ్ ఏదో ఆలోచిస్తూ చాప్‌స్టిక్స్‌తో చేప చెంప దగ్గరి మెత్తటి ముక్క తీసి, చూడకుండానే నా గిన్నెలో వేసింది.

అత్తయ్య నమలడం ఆపింది. ఆ ముక్క ఈ ఇంట్లో ఎవరు ఎవరికి తీసి పెట్టేవాళ్ళో ఆవిడకు తెలుసు. షూ-తావ్ మాత్రం తల వంచుకుని తింటూనే ఉంది. మర్నాడు అత్తయ్య అలమరలో పై అరనుంచి నీలం అంచు గిన్నె దించి, కడిగి, అందులో షూ-తావ్‌కు అన్నం పెట్టింది. అది ఎవరి గిన్నో ముగ్గురికీ తెలుసు. ముగ్గురం తిన్నాం.

ఆ నెలలో మా ఊళ్ళో దయ్యమనే మాట ఎవరూ అనరు. 'మన అన్నదమ్ములు' అంటారు. వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగరు. ఒక పొద్దున నేను కొట్టు రేకు పైకెత్తుతుంటే మెట్ల మీదనుంచి "సూ-యిన్" అని వినిపించింది. షూ-తావ్ నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. నేను తిరిగాను.

మెట్ల మీద ఆమే ఉంది. జుట్టు పిండుకుంటోంది.

"ఇంత పొద్దున్నే తలంటుకున్నావా?"

"లేదు వదినా. లేచేసరికి ఇలాగే ఉంటోంది. పైకప్పు కారుతోందేమో."

పైకప్పు నేను ఎండలు ముదరకముందే బాగు చేయించాను. ఆమె కింద గంజి తాగుతుండగా పైకి వెళ్ళి చూశాను. నేల పొడిగా ఉంది. కిటికీ మూసి ఉంది. దిండు మాత్రం నీళ్ళలో ముంచి తీసినట్టుంది. వేలు అద్ది నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

దిండు ఎండలో వేద్దామంటే ఎండ లేదు. కొట్లో పొయ్యి పక్కన ఆరబెట్టాను. అత్తయ్య దానికేసి చూసింది, ఏమిటని అడగలేదు.

ఆ మధ్యాహ్నం బేరాలు లేవు. షూ-తావ్ గిటారు తీసుకుని కొట్లోకే దిగింది. "అమ్మా, కొత్తది విను," అని మోడా మీద కూర్చుంది.

"చిట్టివానా, చిట్టివానా,
గొడుగు లేకుండా వచ్చావు,
గడప దాటకుండా వెళ్ళావు.
నీకు కొన్న చెప్పులు
ఇంకా పొడిగానే ఉన్నాయి."

పాట చిన్నది. అయిపోయాక అత్తయ్య, "చిట్టివాన ఎవరే?" అంది.

"తెలీదమ్మా. పిల్ల పేరులా లేదూ?"

అత్తయ్య ఆమెను వదిలేసి నన్ను చూసింది. నేను ఉండలు కలిపే బేసిన్‌లో చేతులు పెట్టుకుని ఉన్నాను. అవి బయటికి తీయడం చేతకాలేదు. షూ-తావ్ మా ఇద్దరినీ చూసి, ఏదో అర్థమైనట్టు, గిటారు పట్టుకుని పైకి వెళ్ళిపోయింది.

"ఎన్నో నెల?" అంది అత్తయ్య.

"నాలుగో నెల."

"ఎప్పుడు?"

"మీరు గుండె జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడమ్మా." మా దగ్గర అత్తగారినీ అమ్మా అనే పిలుస్తాం. "మీకు చెప్పొద్దన్నాడు. కడుపులో బిడ్డను ఆ పేరుతో మేమిద్దరం తప్ప ఇంకెవరూ పిలవలేదు."

అత్తయ్య పొయ్యి మంట తగ్గించింది. ఉడికిన ఉండలు ఒక్కొక్కటీ తీసి చన్నీళ్ళలో వేసింది. అన్నీ వేశాక, "నా కొడుకు మాట్లాడుతున్నాడు," అంది. ఆ గొంతులో భయం లేదు. రెండేళ్ళుగా ఆవిడ ముఖంలో చూడని వెలుగు ఆ రోజు చూశాను. ఆ వెలుగు చూసే నాకు మొదటిసారి భయం వేసింది.

తోంగ్ గారు తైపే నుంచి రైల్లో వచ్చాడు. లావుపాటి మనిషి, మెత్తని మాట. మా కొట్లో రెండు గిన్నెల సూపు తాగి, పైన కూర్చుని, షూ-తావ్ టేపు మీద పట్టిన తొమ్మిది పాటలూ కళ్ళు మూసుకుని విన్నాడు. నేను టీ తీసుకెళ్ళేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"నీ మొదటి క్యాసెట్టు కన్నా బాగున్నాయి," అన్నాడు. "కానీ తేడా ఉంది. ఇదివరకు నీ పాటలో నువ్వు మాట్లాడుతుంటే ఎవరో వింటున్నట్టుండేది. వీటిలో నువ్వు వింటున్నావు."

ఆయన గిటారు చేతిలోకి తీసుకుని తీగల మీద వేలు పెట్టి చూశాడు. వేలికి ఆకుపచ్చ చిలుము అంటుకుంది.

"ఇవి మార్చి ఎన్నాళ్ళయింది?"

"నిన్న మార్చాను."

"నిన్నా?" తోంగ్ గారు తీగలనూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "రేవు గాలి మంచిది కాదు. నువ్వు బాగా చిక్కిపోయావు కూడా. పదోది తైపే వచ్చి కట్టు."

"పదోది ఇక్కడే ఉంది. నీటి దీపాల రోజుకు వచ్చేస్తుంది."

ఆయన వెళ్తూ కొట్టు దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. "మీ ఆడపడుచును డాక్టరుకు చూపించండి. మాట్లాడుతుంటే గుండెల్లో నీళ్ళు కదులుతున్న చప్పుడు వస్తోంది."

ఆ రోజే ఆమె దగ్గరికి వెళ్ళాను. వేసవి ఉక్క పోస్తోంది. ఆమె దుప్పటి కప్పుకుని కూర్చుంది. పాదాలు ముట్టుకుంటే ఐసు మీద పెట్టిన చేపల్లా ఉన్నాయి.

"తొమ్మిది చాలు షూ-తావ్. ఇక ఆపు."

"ఇంకొక్కటే వదినా. కింద ఉంది. రాగం వినిపిస్తోంది. మాటలే నీళ్ళలోంచి మాట్లాడినట్టున్నాయి."

"ఎవరి మాటలు?"

ఆమె నన్ను తేరిపార చూసింది. "నీకు మొదటి పాటకే తెలిసిందిగా. నాకు చేప చెంప నీ గిన్నెలో పడ్డప్పుడు తెలిసింది. ఆ చెయ్యి నాదే, కానీ పెట్టింది నేను కాదు."

"తెలిసీ పాడుతున్నావా?"

"నువ్వూ తెలిసే వింటున్నావుగా."

ఆమె దగ్గింది. దగ్గు ఆగాక చేత్తో మూతి తుడుచుకుంది.

"ఆ వయొలిన్ల కింద నన్ను పూడ్చిపెట్టారు వదినా. స్టేజీ మీద నిలబడితే నా గొంతు నాకే వినపడేది కాదు. ఇక ఈ జన్మకు పాట రాదనుకున్నాను. ఇప్పుడు వస్తోంది. ఎక్కడినుంచి వస్తేనేం?"

"ఇవి నీ పాటలు కావు."

అనకుండా ఉండాల్సింది. ఆమె ముఖం కాస్త వాడింది.

"మోస్తున్నది నేనేగా," అంది మెల్లగా.

గుమ్మం దగ్గర అత్తయ్య ఉంది. ఎప్పుడు మేడెక్కిందో, ఎంతవరకు విన్నదో.

"పాడనీ," అంది నాతో. "వాడు ఎక్కడున్నాడో చెప్పబోతున్నాడు. చోటు తెలిస్తే పడవ పంపిస్తాను. ఎముక ముక్కైనా చాలు నాకు."

"దీని పాదాలు ముట్టుకుని చూడండమ్మా."

"ఒక్క పాటేగా. ఆ తర్వాత నేనే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్తాను."

అత్తయ్య చెడ్డది కాదు. కూతురు మీద ప్రేమ లేనిదీ కాదు. రెండేళ్ళపాటు వాన పడ్డప్పుడల్లా కొడుకు ఎక్కడ తడుస్తున్నాడోనని లేచి కూర్చున్న మనిషి.

ఏడో నెల పద్నాలుగు, నీటి దీపాల రోజున ఊరంతా వీధుల్లో ఉంది. ఒక్కో ఇంటిపేరు వాళ్ళు ఒక్కో కాగితపు ఇల్లు కట్టి, లోపల దీపం పెట్టి, పొద్దుగుంకాక సముద్రంలోకి వదలడానికి బండ్ల మీద పెట్టుకుని తిరుగుతున్నారు. మునిగిపోయినవాళ్ళకు దారి చూపించే దీపాలవి. మధ్యాహ్నం నుంచే డప్పులు మోగుతున్నాయి. మేం కొట్టు మూశాం. అత్తయ్య వాకిట్లో బల్ల వేసి అన్నదమ్ములకు పళ్ళూ, కోడీ, అన్నమూ పెట్టింది. తర్వాత చేతులు కడుక్కుని మేడెక్కింది. వెనకే నేనూ వెళ్ళాను.

షూ-తావ్ కిటికీ దగ్గర గిటారు పట్టుకుని ఉంది. ఆమె ఎదురుగా నేల మీద అత్తయ్య కూర్చుంది. టేపు తిరుగుతోంది. బయట సన్నగా వాన.

"పెంగ్‌జియా దీపం ఎడమ చేతికి వచ్చింది,
మన దీపాలన్నీ నీళ్ళలోకి చూస్తున్నాయి,
ఎవరూ నా వైపు చూడడం లేదు."

ఆగింది. ఆమె పాటల్లో ఆగడాలు మామూలే. మళ్ళీ అందుకుంది.

"తాడు కోసం వంగాను.
నీళ్ళు వెచ్చగా ఉన్నాయి సూ-యిన్,
కేకెయ్యాలని గుర్తు రాలేదు."

"తర్వాత?" అంది అత్తయ్య. "ఎడమ చేతికి దీపం. తర్వాత ఎటు నాన్నా? నీళ్ళు ఎటు తీసుకెళ్ళాయి?"

షూ-తావ్ చొక్కా చేతి అంచునుంచి నీటి బొట్లు గిటారు చెక్క మీద పడుతున్నాయి. వేళ్ళు మీటుతూనే ఉన్నాయి. నోరు తెరిచే ఉంది. పెదాలు నల్లబడుతున్నాయి. పాట మళ్ళీ ఆగింది. ఈసారి ఆగిన తీరు వేరు. నేను ఆమె గుండెల కేసి చూశాను. కదలడం లేదు. వేళ్ళు మాత్రం ఆ నడకను నడిపిస్తూనే ఉన్నాయి.

"చెప్పు నాన్నా," అంది అత్తయ్య, ముందుకు వంగి.

నేను వెళ్ళి అరచెయ్యి తీగల మీద పెట్టాను. చప్పుడు ఆగిపోయింది. వీధిలో డప్పులు ఒక్కసారిగా దగ్గరగా వినిపించాయి.

"అ-బున్," అన్నాను. "చాలు. మాకు తెలియక్కర్లేదు. ఇక వెళ్ళు."

అతను సముద్రం మీదికి బయల్దేరిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి వెళ్ళి రా అనేదాన్ని. రా అనకుండా వెళ్ళు అనడం అదే మొదలు.

ఆమె తల ఎత్తింది. ఆ కళ్ళు ఎవరివో నేను చెప్పలేను. నా చెయ్యి తీగల మీదనుంచి తీసుకుని, ముఖం దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసింది. చాలాసేపు. ఆ తర్వాత ఆమె ఒళ్ళు అదిరింది. పక్కకు వాలి, దగ్గి దగ్గి నీళ్ళు కక్కింది. ఊపిరి వచ్చింది.

"వదినా," అంది. "చలేస్తోంది."

అత్తయ్య కూతురి వీపు నిమిరింది. దుప్పటి కప్పింది. నా వైపు చూడకుండా లేచి కిందికి వెళ్ళింది. ఆ సాయంత్రం దీపాలు వదిలే చోటికి ఒక్కతే వెళ్ళి, ఒక్కతే వచ్చింది.

షూ-తావ్‌కు జ్వరం కాసి, తగ్గింది. నెలాఖరున కింది లోకం తలుపు మూసే రోజు రాకముందే తైపే వెళ్ళిపోయింది. బస్సు దగ్గర నా భుజం మీద తల పెట్టి, "నా మీద కోపమా?" అంది.

"నీకు నా మీద లేదా?"

"ఉంది," అంది. "పోతుందిలే."

క్యాసెట్టు తొమ్మిది పాటలతోనే వచ్చింది. చలి మొదలయ్యేసరికి చేపల మార్కెట్టులో ప్రతి రేడియోలోనూ అదే. పక్క కొట్టావిడ రొయ్యలు ఒలుస్తూ నిమ్మచెక్క పాట పాడేది, పాడి, "ఏం సూ-యిన్, నీకూ ఓ నిమ్మచెక్క కావాలా?" అని వేళాకోళం చేసేది. నేను నవ్వేదాన్ని. షూ-తావ్ ఆ తర్వాత కూడా చాలా పాటలు కట్టింది. అవి ఆ తొమ్మిదింటి ముందు ఆగవని పత్రికలు రాస్తాయి, ఆమె కూడా అదే అంటుంది. నాకు మాత్రం ఆ తర్వాతవే ఇష్టం. వాటిలో ఆమె ఒక్కతే ఉంటుంది.

అత్తయ్య నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, బేసిన్ అందిస్తే అందుకునేది. ఇద్దరం ఒక కుండ ముందు నిలబడి ఒక మాట లేకుండా ఉండలు చేసేవాళ్ళం. ఆకురాలే కాలమంతా అలాగే గడిచింది. రాత్రి పక్కనే పడుకునేవాళ్ళం. వాన పడితే లేచి కూర్చోవడం మాత్రం ఆవిడ మానేసింది. అది నేను చూశాను.

చలికాలం నడిమి పండగ ముందు ఒక పొద్దున, చెప్పులు వేసుకుని నిలబడి, "గొడుగు తీసుకో," అంది.

రేవు వెనక సందులో ఇళ్ళల్లో పూజకు పెట్టుకునే పూర్వీకుల చెక్క పలకల మీద పోయినవాళ్ళ పేర్లు రాసే ముసలాయన ఉన్నాడు. శవం దొరకలేదు కాబట్టి అ-బున్ పేరు రాయించడానికి అత్తయ్య అప్పటిదాకా ఒప్పుకోలేదు. అడిగినవాళ్ళను తిట్టి పంపేది. ఇప్పుడు ఆవిడే ఆయన ఎదుట మోడా మీద కూర్చుని కొడుకు పేరు చెప్పింది. పుట్టిన తేదీ చెప్పింది. ముసలాయన కుంచె తడుపుకుని ఒక్కో అక్షరం రాశాడు.

"పోయిన తేదీ?"

"ఈ ఏడే. ఏడో నెల, పద్నాలుగు."

నేను గొడుగు మడుస్తున్నదాన్ని ఆగిపోయాను. ముసలాయన కుంచె కూడా ఆగింది. ఆయనా రేవు మనిషే. అ-బున్ సంగతి ఆయనకు తెలుసు.

"అదేమిటమ్మా? మీవాడు పోయి రెండేళ్ళు దాటింది కదా."

"అప్పటిదాకా ఇంట్లోనే ఉన్నాడు," అంది అత్తయ్య. "రాయి."